క్రిస్మస్ చెట్టా, సినిమా హాలా?

క్యారల్ రౌండ్స్‌కి మా ఇంటికొచ్చిన సంఘ పెద్ద ఒకాయన, యూత్ కుర్రాళ్ళు గిటారు పట్టుకుని రెండో పాట అందుకుంటుంటే, హాల్లో చెట్టు దగ్గరికెళ్ళి, కళ్ళజోడు సర్దుకుని ఒక్కో బొమ్మా పరకాయించి చూసి, "ఏటమ్మా, ఇది క్రిస్మస్ చెట్టా, సినిమా హాలా?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వి టీ కప్పు చేతికిచ్చాను. పెద్దాయన మాటకి అక్కడికక్కడే ఎదురు చెప్పే అలవాటు మా ఇళ్ళలో లేదు. కానీ శ్రీకాకుళంలో మాకు డిసెంబరంటే ఒక్క రోజు పండగ కాదు కదా, సెమీ క్రిస్మస్‌లతో మొదలై కొత్త సంవత్సరం ఆరాధన దాకా ఎవరో ఒకరు వస్తూ పోతూనే ఉంటారు, వాళ్ళతో పాటు ఆ మాట కూడా ఊరంతా తిరిగింది. చివరికి పాలకొండ నుంచి మా పిన్ని ఫోన్ చేసి "మీ చెట్టుకి రాకెట్లు కట్టేరట కదే" అని అడిగేసరికి, ఇక వివరంగా రాయక తప్పదనిపించింది.

నా ఉద్దేశం ముందే చెప్పేస్తాను. క్రిస్మస్ చెట్టుకి సినిమా బొమ్మలు కట్టడంలో తప్పు లేదు, పైగా ఆ చెట్టు పుట్టుకని చూస్తే అది దానికి దగ్గరి చుట్టరికమే. కాకపోతే కట్టాల్సింది సినిమాలో కనిపించే వస్తువుని, హీరో మొహాన్ని కాదు. మొదటి ముక్క మా పెద్దాయనతో పేచీ, రెండోది మా ఇంట్లోనే పేచీ.

ఆ చెట్టు మీద ఏమున్నాయంటే

మా తమ్ముడు డాలస్‌లో ఉంటాడు. వాడికి ఈ సినిమా బొమ్మలు సేకరించే పిచ్చి అక్కడే పట్టుకుంది. కాన్సాస్ సిటీలో గ్రీటింగ్ కార్డులు అచ్చేసే హాల్‌మార్క్ కంపెనీ 1973లో 18 రకాల చెట్టు బొమ్మలతో కీప్‌సేక్ అని ఒక వరస మొదలుపెట్టింది. అప్పటిదాకా అమెరికాలో చెట్టుకి కట్టేవి చాలావరకు రంగు గాజు బుడ్డలే. వీళ్ళు ఏడాదికో కొత్త బొమ్మ, దాని మీద సంవత్సరం, సిరీస్ అయితే అడుగున చిన్న చెట్టు గుర్తులో అది ఎన్నోదో అంకె, ఇలా పెట్టి జనానికి సేకరణ అలవాటు చేశారు. అంకె వేసి ఇచ్చాక మూడోది ఉండి నాలుగోది లేకపోతే మనిషికి నిద్ర పట్టదు, ఆ సంగతి వాళ్ళకి బాగా తెలుసు.

సినిమా వాళ్ళ బొమ్మలకి అసలు ఊపు 1991లో వచ్చింది. టీవీ సీరియల్‌గా మొదలై తర్వాత సినిమాలుగా వచ్చిన స్టార్ ట్రెక్‌కి అప్పటికి 25 ఏళ్ళు, అందులోని ఎంటర్‌ప్రైజ్ అంతరిక్ష నౌకని అరచేతిలో పట్టే సైజులో చేసి, చెట్టుకున్న లైట్ల తీగలో ఒక బల్బు పీకి అక్కడ గుచ్చితే మిణుకుమిణుకుమనేలా తయారుచేశారు. మరుసటేడు వచ్చిన చిన్న షటిల్ నౌక అయితే మీట నొక్కితే మాట్లాడుతుంది, స్పాక్ పాత్ర వేసిన నటుడి గొంతుతో పండగ శుభాకాంక్షలు చెబుతుంది. స్టార్ వార్స్ వాళ్ళ నౌక 1996లో వచ్చింది. ఇక అక్కడి నుంచి ఆ లోకంలో ఆగింది లేదు.

తమ్ముడు ఇండియా వచ్చినప్పుడల్లా సూట్‌కేసులో చొక్కాల మధ్య చుట్టి ఒకటో రెండో తెస్తాడు. పార్సిల్ చేస్తే బొమ్మ ఖరీదు కన్నా పంపే ఖర్చే ఎక్కువ. ఆ 1991 నౌకా, మాట్లాడే షటిలూ రెండూ మా ఇంట్లో ఉన్నాయి. వాటితో వచ్చిన చిక్కల్లా కరెంటు. అవి అమెరికా లైట్ల తీగ కోసం చేసినవి, మనకి బజార్లో దొరికే సీరియల్ సెట్లలో బల్బు ఊడదీసే సాకెట్టే ఉండదు. మా వీధిలో టీవీలు బాగుచేసే కుర్రాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, రెండు వైర్లు అతికి, తక్కువ ఓల్టేజీ అడాప్టరొకటి తగిలించి, మీట నొక్కి, ఇంగ్లీషు గొంతు వినపడగానే "ఎవులండీ లోపల?" అన్నాడు.

ఇంకో అవస్థ కొమ్మలది. మా చిన్నప్పటి నుంచీ మాకు క్రిస్మస్ చెట్టంటే సరుగుడు కొమ్మే. సముద్రం వైపు తోటల్లోంచి ఎవరో ఒకరు తెచ్చి పడేస్తారు, ఇసుక పోసిన బకెట్లో పాతి, దూది అంటించి, తళుకు కాగితాలు చుట్టేవాళ్ళం. 2018లో తిత్లీ తుఫాను వచ్చిన ఏడాది కొమ్మల కోసం ఎవర్నీ అడగాల్సిన పనే లేకపోయింది, ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ ఎలాగో ఉంటుంది. సరుగుడు రెమ్మలు సన్నం, ఈ బొమ్మల కొక్కెం తగిలిస్తే జారిపోతుంది, బరువుకి కొమ్మ తల వాల్చేస్తుంది. అందుకని బరువైనవాటిని పురికొసతో కాండానికే కట్టేస్తాను. అమెరికాలో ఎవరైనా ఆ కట్టు చూస్తే గుండె పట్టుకుంటారేమో.

నాటకంలో పుట్టిన చెట్టు

ఇప్పుడు పెద్దాయన మాటకి వస్తాను. "సినిమా హాలా" అని ఆయన ఎగతాళికి అన్నారు గానీ, చరిత్ర చూస్తే ఆయనకి తెలీకుండానే అసలు సంగతి చెప్పేశారు. మధ్యయుగాల్లో పశ్చిమ జర్మనీ వైపు ఆదాము హవ్వల నాటకం ఆడేవారు, చాలా పేరున్న నాటకం. అందులో ఏదెను తోటకి గుర్తుగా రంగస్థలం మీద నిలబెట్టే ముఖ్యమైన వస్తువు ఆపిల్ పళ్ళు కట్టిన ఫర్ చెట్టు. దాన్ని పరదైసు చెట్టు అనేవారు. డిసెంబరు 24 ఆదాము హవ్వల దినం కాబట్టి ఆ రోజున జనం అలాంటి చెట్టునే ఇళ్ళలో పెట్టుకోవడం మొదలుపెట్టారు, దానికి ప్రభురాత్రి భోజనపు రొట్టెకి గుర్తుగా పల్చని అప్పాలు కట్టారు, తర్వాత్తర్వాత వాటి చోటులోకి బిస్కట్లు వచ్చాయి. అంటే మనం ఇంట్లో పెట్టుకునే క్రిస్మస్ చెట్టు తాతముత్తాతల్లో ఒకటి నాటకం వాళ్ళ సెట్ సామాను. దాని కొమ్మకి ఇంకో ఆటలోని సామాను కడితే అది పరాయిదెలా అవుతుంది?

"కొనుక్కొచ్చిన సరుకు, అంతా వ్యాపారం" అన్నది ఇంకో విమర్శ. నిజమే, వ్యాపారమే. కానీ అది నిన్న మొన్నటిది కాదు. జర్మనీలో లౌషా అనే ఊరివాళ్ళు గాజు ఊది చేసిన బుడ్డల్ని అమెరికాలో వూల్‌వర్త్ అనే వర్తకుడు 1880లోనే దుకాణాల్లో పెట్టి అమ్మాడు. మా మేడ మీద వేలాడే కాగితం స్టార్ కూడా బజార్లో డబ్బులిచ్చి తెచ్చిందే, దాన్ని ఎవరూ వ్యాపారం అనరు.

అయితే పెద్దాయన భయాన్ని నేను తేలిగ్గా తీసిపారెయ్యలేను. మాది బాప్టిస్టు సంఘం. ఈ వైపు బొబ్బిలి, పాలకొండ, శ్రీకాకుళాల్లో పనిచేసిన కెనడా మిషనరీల నాటి నుంచి చర్చి లోపల బొమ్మ అనేది ఉండదు. చెట్టు పెట్టడమే తప్పనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, వాళ్ళు బైబిల్లో యిర్మీయా పదో అధ్యాయం తీస్తారు. అడవిలో చెట్టు నరికి, వెండి బంగారాలతో అలంకరించి, కదలకుండా మేకులు కొట్టి బిగిస్తారని అక్కడ ఉంది. కాస్త కిందికి చదివితే ఆ మాటలు విగ్రహాల గురించని, అవి పలకవు, నడవవు, మోసుకెళ్ళాలి అని ప్రవక్త వెక్కిరిస్తున్నాడని తెలుస్తుంది. (మా చెట్టు మీద ఒకటి పలుకుతుంది మరి, అది వేరే సంగతి.) కానీ ఆ వాక్యం చెట్టుకి వర్తించకపోయినా అందులోని హెచ్చరిక ఊరికే పోదు. పిల్లలు హాల్లోకి రాగానే నౌక మీట నొక్కడానికి పరిగెడతారు గానీ, కింద మట్టితో చేసిన, యేసు పుట్టిన పశువుల పాకని చూడరు. ఆ ఒక్క విషయంలో పెద్దాయనకి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. పాక ఉన్న బల్ల మీదికి మాత్రం సినిమా సరుకేదీ రానివ్వను. మా అబ్బాయి ఒకసారి గొర్రెల పక్కన ఒక రోబోని నిలబెడితే తీయించేశాను, వాడు సాయంత్రం దాకా అలిగాడు.

పెట్టె లేదని చవగ్గా వచ్చింది

సేకరణ చేసేవాళ్ళ లోకంలో ఒక వింత ఆచారం ఉంది. బొమ్మ కన్నా పెట్టెకి విలువ. అసలు అట్టపెట్టె, లోపలి చీటీ, వీలైతే ధర అంటించిన స్టిక్కరుతో సహా ఉంటేనే మంచి రేటు. ఆన్‌లైన్లో అమ్మేవాళ్ళు "ఎప్పుడూ చెట్టుకి కట్టలేదు" అని గొప్పగా రాసుకుంటారు. చెట్టుకి కట్టే బొమ్మని చెట్టుకి కట్టకపోవడం గొప్పట! ఆ 1991 నౌక కొత్తలో 20 డాలర్లు, కొన్నేళ్ళు తిరిగేసరికి వందల డాలర్లు పలికింది, తర్వాత మోజు తగ్గి దిగొచ్చింది. మా తమ్ముడికి దొరికిన దానికి పెట్టె లేదు, ఒక రెక్క కొస గీరుకుపోయింది. అందుకే అది శ్రీకాకుళం దాకా వచ్చి సరుగుడు కొమ్మెక్కింది.

దాచుకోవద్దనను. పదకొండు నెలలు జాగ్రత్తగా దాచకపోతే పన్నెండో నెల కట్టడానికేమీ మిగలదు. మా గాలిలో ఉప్పుంటుంది, సన్నటి ఇనుప కొక్కేలు ఒక్క వానాకాలానికే తుప్పు పట్టేస్తాయి. బ్యాటరీ ఉన్నవాటిని బ్యాటరీ తీసి పెట్టకపోతే అది కారి లోపలంతా పాడవుతుంది. అమ్మ వాటన్నిటినీ పాత నూలు చీర ముక్కల్లో చుట్టి, కలరా ఉండలు వేసి ట్రంకులో పెడుతుంది, అందుకని మా ఇంట్లో గెలాక్సీలన్నిటికీ ఒకే వాసన.

మొహాలు వద్దనడం ఎందుకంటే

ఇప్పుడు ఇంట్లో పేచీ. మా చిన్నాన్న కొడుకు ఒక పెద్ద హీరోకి వీరాభిమాని, రిలీజ్ రోజున ఫ్లెక్సీ కట్టేవాళ్ళలో ముందుంటాడు. వాడు మా చెట్టు చూసి, అన్నీ ఇంగ్లీషోళ్ళవేనా, మనవి ఎందుకు లేవు అని దెబ్బలాడాడు. న్యాయమైన ప్రశ్నే. సరే, మీ హీరో ఫొటో ఒకటి అట్ట మీద అంటించి, కత్తిరించి, దారం గుచ్చి కడదాం అన్నాను. వాడి మొహం మాడిపోయింది. "మా హీరోని చెట్టుకి ఉరేస్తావేటప్పా?" అన్నాడు.

నేను నవ్వాపుకోలేకపోయాను గానీ వాడన్నదాంట్లో చాలా ఉంది. మనకి మనిషి బొమ్మంటే కటౌట్, దండ, పాలాభిషేకం. పైన నిలబెట్టి కింద నుంచి చూడాల్సిన వస్తువు. మెడకి దారం కట్టి వేలాడదీస్తే అది అపశకునం. బాహుబలి వచ్చిన ఏడాది చవితి పందిళ్ళలో శివలింగాన్ని భుజాన మోస్తున్న వినాయకుడు వెలిశాడు, ఆ తర్వాత ప్రతి పెద్ద సినిమాకీ ఒక వినాయకుడు వస్తున్నాడు. దాని మీద కూడా మా పెద్దాయనలాంటి వాళ్ళే ఆ వైపు గొణుగుతుంటారు, దేవుడికి హీరో వేషమేమిటని. మొహం వచ్చేసరికి అది పూజలోకి వెళ్ళిపోతుంది, పూజలోకి వెళ్ళాక ఎవరి మనసో ఒకరిది నొచ్చుకుంటుంది.

వస్తువుకి ఆ గొడవ లేదు. పైగా అమెరికా బొమ్మల్లో కూడా నాకు బాగున్నవన్నీ వస్తువులే. నటుల మొహాలతో చేసినవి తమ్ముడు ఒకటి రెండు తెచ్చాడు, బొటనవేలంత మొహంలో పోలిక ఎక్కడొస్తుంది, ఎవరో పక్కింటాయనలా ఉంటాడు. అదే నౌక అయితే నౌకలాగే ఉంటుంది. 1939 నాటి విజర్డ్ ఆఫ్ ఓజ్‌లోని ఎర్ర బూట్లు చూడండి. అసలు పుస్తకంలో అవి వెండి బూట్లు, టెక్నికలర్‌లో రంగు కొట్టొచ్చినట్టు కనపడాలని సినిమావాళ్ళు ఎర్రగా మార్చారు. ఆ జత చిన్నది మా దగ్గరుంది, మెరుపులద్దిన ఎరుపు, వేలి కొస మీద నిలబడుతుంది. అందులో హీరోయిన్ లేదు, కానీ సినిమా చూసినవాళ్ళకి మొత్తం కథ అక్కడే ఉంది.

అలాగని వస్తువులతో చిక్కులు లేవని కాదు. ఆ బూట్లు నేను చెట్టు పైభాగాన కట్టగానే అమ్మ వంటింట్లోంచి వచ్చి "చెప్పులు నక్షత్రం పక్కనా?" అంది. సినిమా, టెక్నికలర్, అన్నీ చెప్పాను. విన్నది. విని, వాటిని విప్పి అన్నిటికన్నా కింది కొమ్మకి కట్టింది, గుమ్మం దగ్గర చెప్పులు విడిచే వైపుకి. అప్పటి నుంచి ఏటా వాటి చోటు అదే. ఇంకో సినిమాలో ఆడమనిషి కాలు ఆకారంలో ఒక దీపం ఉంటుంది, అమెరికాలో ఆ దీపం బొమ్మలు తెగ అమ్ముడుపోతాయి. తమ్ముడు దాన్ని పెట్టెలోంచి తీయకుండానే ఫొటో చూపించి, మళ్ళీ సూట్‌కేసులో పెట్టేసుకున్నాడు. బాప్టిస్టు ఇల్లు అని వాడికి గుర్తుంది.

మన సినిమా నుంచి ఏం కడతాం

తెలుగువాడికి సినిమా అంటే ఉన్నంత పిచ్చి ఎవరికీ లేదంటారు. మరి ఆ పిచ్చికి గుర్తుగా ఇంట్లో దాచుకునే చిన్న వస్తువేది? ఫ్లెక్సీ వారానికి చిరుగుతుంది, ఎవరో పాక మీద కప్పుకుంటారు. శతదినోత్సవ షీల్డులు థియేటర్ వాళ్ళకీ పెద్దలకీ వెళ్ళేవి. మా నాన్న దగ్గర పాటల పుస్తకాలుండేవి, హాలు బయట అమ్మినవి. పల్చటి కాగితం, సగం కథ చెప్పి మిగతాది వెండితెరపై చూడండి అని వదిలేసేవి. ఆయన వాటిని దారంతో కుట్టి, పైన అట్ట వేసి దాచారు. పిల్లలు రోడ్డు మీద ఏరుకున్న ఫిల్మ్ ముక్కలు ఇంకోటి, ఎండకి పెట్టి బల్బులో నీళ్ళు పోసి గోడ మీద చూసేవాళ్ళం. ఇవి రెండూ పోయాక సామాన్య ప్రేక్షకుడి చేతిలో మిగిలింది సెల్‌ఫోన్ వాల్‌పేపరు. బయట దేశాల వాళ్ళలా పద్ధతిగా లైసెన్సు తీసుకుని చిన్న బొమ్మలు చేసి అమ్మడం ఈమధ్యే, అదీ కొన్ని పెద్ద సినిమాలకే కనపడుతోంది.

చేసే చేతులు లేవా అంటే పక్కనే ఉన్నాయి. లక్కబొమ్మలకి పేరున్న ఏటికొప్పాక మాకేమంత దూరం కాదు. అంకుడు కర్రని తరిణి మీద తిప్పుతూ లక్క కడ్డీని ఆనిస్తే ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది, కళ్ళ ముందే తెల్ల కర్ర పసుపు పచ్చగా మారిపోతుంది. ఆ బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2025 రిపబ్లిక్ డే పరేడ్‌లో ఆంధ్రప్రదేశ్ శకటం వాటి మీదే. ఇటు బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసకర్రతో వీణలు చేసేవాళ్ళు బహుమతులిచ్చుకోవడానికి చిన్న వీణలు కూడా చేస్తారు. మా చెట్టుకి అలాంటిదొకటి కట్టాను, పాత సినిమాల్లో హీరోయిన్ వీణ వాయించని పాట ఎక్కడుంది, ఏ సినిమాదని ఎవరైనా అడిగితే అన్నిటిదీ అంటాను.

ఇక్కడో పెద్ద అడ్డంకి ఉంది. కొత్త సినిమాలో ప్రత్యేకంగా తయారుచేసిన బండినో ఆయుధాన్నో బొమ్మ చేసి అమ్మాలంటే హక్కులు నిర్మాతవి. ఇంట్లో తరిణి పెట్టుకుని బతికే మనిషి ఆ కాగితాల జోలికి వెళ్ళగలడా? వెళ్ళలేడు. పెద్ద కంపెనీ వెళ్ళి, అచ్చులో ప్లాస్టిక్ పోసి, కర్రతో పనే లేకుండా చేసేస్తుంది. అందుకని ఎవరి సొత్తూ కాని వస్తువు కోసం ఆలోచించాను. ఆలోచిస్తే లడ్డూ తట్టింది.

1957 మాయాబజార్‌లో ఘటోత్కచుడి ముందు పళ్ళెంలోంచి లడ్డూలు గాల్లోకి లేచి ఎస్.వి.రంగారావు నోట్లోకి వెళ్ళే దృశ్యం తెలీని తెలుగిల్లు లేదు. లడ్డూ మీద ఎవరికీ హక్కు లేదు. గుండ్రంగా ఉంటుంది, అంటే చెట్టుకి కట్టే గాజు బుడ్డ ఆకారమే. అందులో మొహం లేదు, ఉరి లేదు, చెప్పు లేదు. గాల్లో వేలాడితే ఇంకా అందం, సినిమాలో అది చేసేదీ అదే పని. ఒక ఎగ్జిబిషన్లో స్టాలు పెట్టిన ఏటికొప్పాక కళాకారుడిని అడిగాను, పసుపు లక్కతో ఇంత ఉండ, పైన చిన్న రంధ్రం, దారం. ఆయన నా మొహం వైపు కాసేపు చూసి, "లడ్డూకి తాడెందుకమ్మా?" అన్నాడు. సంగతంతా చెప్పాక నవ్వి, తన దగ్గరున్న బొమ్మల్లోంచి ఒక పసుపుపచ్చటి ఉండ ఊడదీసి రంధ్రం చేసిచ్చాడు. నిరుడు అది ఎంటర్‌ప్రైజ్ నౌక ఎదురుగా వేలాడింది, నౌక లడ్డూ మీదికి దాడికెళ్తున్నట్టు. మా చిన్నాన్న కొడుకు దాన్నే ఫొటో తీసుకున్నాడు. హీరో గురించి మళ్ళీ ఎత్తలేదు గానీ, ఒప్పుకున్నాడని కూడా చెప్పలేను.

విడిగా ఒకటీ అరా చేస్తే గిట్టుబాటు కాదని, వంద తీసుకుంటే రేటు తగ్గిస్తానని ఆ కళాకారుడు అన్నాడు. మా యూత్ వాళ్ళతో మాట్లాడాను, సెమీ క్రిస్మస్‌లో స్టాలు పెట్టి అమ్ముదామని. లడ్డూలైతే పెద్దగా పోవు, ఏదైనా బైకు చేయిస్తే పాతిక మేమే కొంటాం అన్నారు. పెద్దాయనకి కబురు వెళ్ళింది. లడ్డూ అయితే తనకీ ఒకటి ఉంచమన్నారట, మనవరాలికి.